కిడ్నాప్ నుంచి బయటపడ్డ మనిషి, వెనక మిగిలిన ఇల్లు: ఆరు నెలల తర్వాత ఏం చేయాలి

ప్రశ్న: డబ్బు కోసం మా తమ్ముణ్ణి ఎత్తుకెళ్ళి 11 వారాలు బంధించారు. అడిగింది ఇచ్చి విడిపించుకున్నాం. వచ్చి ఆరు నెలలైంది. మొదటి రెండు నెలలు బాగానే ఉన్నాడు. ఇప్పుడు నిద్ర లేదు, మాట లేదు, చిన్నదానికీ అరుస్తున్నాడు. అమ్మ వాణ్ణి గుమ్మం దాటనివ్వడం లేదు. మరదలికీ వాడికీ పడటం లేదు. ఏడేళ్ళ కూతురు వాడి దగ్గరికి వెళ్ళదు. వాళ్ళతో ఫోన్లో బేరం మాట్లాడింది నేనే. జరిగిందంతా వాడి చేత చెప్పించేస్తే మనసు తేలికపడుతుందా? ఎప్పటికి మామూలు మనిషవుతాడు?

జవాబు:

చెప్పించే ప్రయత్నం మానండి. తనంతట తాను చెబుతున్నప్పుడు మాత్రం ఆపకండి. ఎప్పటికి అన్నదానికి తేదీ ఎవరూ ఇవ్వలేరు. కానీ మీరు చూస్తున్న ఈ లక్షణాలకు చికిత్స ఉంది, ఆరు నెలల తర్వాత మొదలుపెట్టినా పనిచేస్తుంది. ఇంకో మాట. ఇంట్లో అందరి గురించీ అడిగారు గానీ ఫోన్లో బేరమాడిన మనిషి గురించి ఒక్క ముక్కతో సరిపెట్టారు. దాని గురించి తర్వాత రాస్తాను.

రెండు నెలలు బాగుండి ఆపైన దిగజారడం చూసి కొత్తగా ఏదో జబ్బు వచ్చిందనుకోకండి. విడుదలైన కొత్తలో సంబరం, చూడటానికి వచ్చే జనం, పోలీసుల విచారణలు మనిషిని నిలబెట్టేస్తాయి. ఆ సందడి తగ్గి, రోజులన్నీ ఒకేలా గడవడం మొదలయ్యాక లోపలున్నది పైకి వస్తుంది. ఘటన జరిగిన 3 రోజుల నుంచి నెల లోపు కనిపించే లక్షణాలను డాక్టర్లు తీవ్ర ఒత్తిడి ప్రతిస్పందన కింద చూస్తారు. నెల దాటినా పోకపోతే పీటీఎస్‌డీ అంటారు, అంటే ఘోరం జరిగాక మనసులో మిగిలిపోయే ఒత్తిడి జబ్బు. ఆరు నెలలు దాటాక పూర్తిగా బయటపడే కేసులకు ఆ నిర్ధారణలోనే విడిగా చోటు ఉంది. అందులో నాలుగు రకాల లక్షణాలు చూస్తారు. అనుకోకుండా ముంచెత్తే జ్ఞాపకాలూ పీడకలలూ ఒకటి, గుర్తుచేసే వాటికి దూరంగా తిరగడం ఇంకొకటి, తన మీదా లోకం మీదా నమ్మకం చచ్చిపోవడం మూడోది, ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడే శరీరం నాలుగోది. వారాలు, నెలలు, ఏళ్ళ తరబడి చెరలో ఉన్నవాళ్ళలో వీటికి మరో మూడు తోడవ్వొచ్చు: కోపమో మొద్దుబారడమో అదుపులో లేకపోవడం, నేను పనికిరానివాణ్ణి అన్న భావం పాతుకుపోవడం, దగ్గరివాళ్ళతో దగ్గరగా ఉండలేకపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణలో 11వ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. దీన్ని అందులో కాంప్లెక్స్ పీటీఎస్‌డీ పేరుతో విడిగా గుర్తించారు. డాక్టరు దగ్గర ఈ పేరు ఎత్తి అడగండి. మామూలు పీటీఎస్‌డీ అనుకుని వైద్యం చేస్తే దగ్గరివాళ్ళతో బంధాల సంగతి మరుగున పడొచ్చు.

చెర చేసే అసలు హాని అర్థమైతే ఇంట్లో సగం గొడవలు వాటంతట అవే తగ్గుతాయి. రోడ్డు ప్రమాదం నిమిషాల్లో అయిపోతుంది. చెరలో అలా కాదు. తినడం, మూత్రానికి వెళ్ళడం, పడుకోవడం, కళ్ళకు గంతలు తీసుకోవడం, అన్నీ ఇంకొకడి దయ మీద. వారాల తరబడి ఏ నిర్ణయమూ తనది కాకుండా బతికిన మనిషి ఇంటికొచ్చాక కూడా బాత్రూమ్‌కి వెళ్ళే ముందు ఎవరివైపో చూస్తాడు. ఏ చొక్కా వేసుకోవాలో తేల్చుకోలేడు. మీరే ఏదో ఒకటి చెప్పేస్తే మాత్రం మండిపడతాడు. రెండూ ఒకే దెబ్బ తాలూకువే. కాబట్టి ఇంట్లో చేయాల్సిన పని నిర్ణయాలను కొంచెం కొంచెంగా తిరిగి అతని చేతిలో పెట్టడం. "ఏం తింటావు?" అంటే బరువు. "ఇదా, అదా?" అంటే మోయగలడు. రెండు మూడు వారాల్లో అది తేలికయ్యాక పెద్ద ప్రశ్నలకు వెళ్ళొచ్చు. తలుపు వేయాలా తీసుంచాలా, లైటు ఉంచాలా, ఎవరు చూడటానికి రావొచ్చు, ఎంతసేపు ఉండొచ్చు, ఇవన్నీ అతని మాట ప్రకారమే జరగాలి.

ఇక్కడే మీ అమ్మగారి విషయం వస్తుంది. ఆవిడది ప్రేమే. కానీ గుమ్మం దాటనివ్వకపోతే కాపలా మనిషి మారాడు తప్ప కాపలా పోలేదు. ఆవిణ్ణి కోప్పడితే పని జరగదు, ఎందుకంటే ఆవిడా భయపడిన మనిషే. దానికో పద్ధతి ఉంది. మొదట మీ తమ్ముడు 15 నిమిషాలు ఒక్కడే బయటికి వెళ్ళి రావాలి. వెళ్ళేచోటు, తిరిగొచ్చే సమయం ముందే చెప్పాలి. చేరాక ఒక్క మెసేజ్ పెట్టాలి. మధ్యలో అమ్మగారు ఫోన్ చేయకూడదు. ఆ పావుగంటలో తన కంగారు పదికి ఎంత ఉందో ఆవిడ రాసుకోవాలి. మొదటి రోజు 9 ఉండొచ్చు. రోజూ చేస్తూ పోతే కొన్నాళ్ళకు సగానికి దిగుతుంది, అప్పుడు అరగంట చేయండి, తర్వాత గంట. ఇది మొదట్లోనే చెడిపోవచ్చు. ఒకసారి మెసేజ్ ఆలస్యమవుతుంది, అందరూ వెతకడానికి బయల్దేరతారు, అతను మళ్ళీ లోపలే కూర్చుంటాడు. మెసేజ్ రాకపోతే ఎన్ని నిమిషాలు ఆగాలి, ముందు ఎవరికి ఫోన్ చేయాలి అన్నది మొదటిరోజే అనుకుని పెట్టుకోండి.

రాత్రిళ్ళు అతను కేకలేస్తుంటే భుజం పట్టి కుదపకండి. చెరలో ఉన్నవాణ్ణి చాలాసార్లు అలాగే లేపి ఉంటారు, చెయ్యి తగిలితే నిద్రలోనే కొట్టొచ్చు. కాళ్ళవైపు దూరంగా నిలబడి, లైటు వేసి, పేరు పెట్టి పిలిచి, ఎక్కడున్నాడో, పక్కనున్నది ఎవరో చెప్పండి. అదే పీడకల మళ్ళీ మళ్ళీ వస్తుంటే దానికి ఒక సాధన ఉంది. మరీ భయంకరమైనది కాకుండా చిన్న కలను ఎంచుకుని కాగితం మీద రాయాలి. దాని నడకనో ముగింపునో తనకు నచ్చినట్టు మార్చి రాయాలి. ఆ కొత్త కలను పగటిపూట 10 నుంచి 20 నిమిషాలు కళ్ళు మూసుకుని మనసులో నడిపించుకోవాలి. కొన్ని వారాలు రోజూ చేయాలి. పడుకునే ముందు పాత కలను తిరగదోడితే మాత్రం పని ఎదురు తిరుగుతుంది.

చెప్పిస్తే తేలికపడుతుందా అన్నారు. ఘటన జరగ్గానే మనిషిని కూర్చోబెట్టి ఒక్క విడతలో మొత్తం చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా వాడుకలో ఉండేది. పీటీఎస్‌డీని అది ఆపలేదని, కొందరికి హాని కూడా చేసిందని తేలాక, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ సూచనలు దాన్ని వద్దంటున్నాయి. జ్ఞాపకాన్ని విప్పడం చికిత్సలో ఉంటుంది. కానీ అది నేర్చిన చేతుల్లో, ఒక వరసలో, ఎప్పుడైనా ఆపే హక్కు ఆ మనిషికి ఉండగా జరగాలి. 1991లో బీరూట్ చెర నుంచి విడుదలైన బ్రిటిష్ బందీలను ముందు లైనమ్ వైమానిక స్థావరానికి తీసుకెళ్ళి, సైకియాట్రిస్టుల తోడుతో కుటుంబాన్నీ బయటి ప్రపంచాన్నీ మెల్లమెల్లగా పరిచయం చేశారు. వాళ్ళలో ఒకరైన టెర్రీ వెయిట్ 1,763 రోజులు బందీగా ఉన్నాడు, ఎక్కువ కాలం ఒంటరి గదిలోనే. విమానం దిగగానే జనం మధ్యకు తోస్తే ఏమవుతుందో ఆ ఏర్పాటు చేసినవాళ్ళకు తెలుసు. మీ ఇంట్లో ఆ మెట్టు లేకుండా పోయింది. దాన్ని ఇప్పుడైనా కట్టుకోవచ్చు: నెలపాటు చుట్టపుచూపులు ఆపండి, సన్మానాలకు పిలిస్తే వద్దనండి.

"నువ్వెందుకు పారిపోలేదు?" అన్న ప్రశ్న మీ ఇంట్లో ఎవరూ అడక్కపోయినా బయట ఎవరో అడిగే ఉంటారు. అడిగినవాడు మరచిపోతాడు, విన్నవాడు మరచిపోడు. అపాయంలో శరీరం మూడు పనులు చేస్తుంది. పోరాడుతుంది, పరుగెడుతుంది, లేదంటే కొయ్యబారిపోతుంది. మూడోది పిరికితనం కాదు, అది మన చేతిలో ఉండదు. ఇంటి చిరునామా తెలిసినవాడు మీవాళ్ళను చంపుతానంటే, తలుపు తెరిచి ఉన్నా కదలకపోవడమే సరైన లెక్క. అమెరికాలో 2002 జూన్‌లో 14 ఏళ్ళ వయసులో ఎత్తుకుపోయిన ఎలిజబెత్ స్మార్ట్ తొమ్మిది నెలల చెరలో జనం మధ్యకు కూడా వచ్చింది. పోలీసులు ఆపి అడిగినప్పుడు కూడా తానెవరో మొదట ఒప్పుకోలేదు. అరవలేదేం, పారిపోలేదేం అనే ప్రశ్నకు ఆమె తర్వాత ఏళ్ళ తరబడి జవాబు చెబుతూనే ఉంది.

ఎత్తుకెళ్ళినవాళ్ళలో ఒకడి గురించి మీ తమ్ముడు మంచిగా మాట్లాడితే ఉలిక్కిపడకండి, బంధించినవాడి మీదే అభిమానం పుట్టిందంటూ స్టాక్‌హోమ్ సిండ్రోమ్ అని ముద్ర వేయకండి. 1973 ఆగస్టులో స్టాక్‌హోమ్ బ్యాంకులో ఆరు రోజుల ముట్టడి తర్వాత పుట్టిన పేరు అది. జబ్బుల అధికారిక జాబితాల్లో ఎక్కడా లేదు. వియన్నాలో పదేళ్ళ వయసులో అపహరణకు గురై ఎనిమిదేళ్ళకు పైగా బందీగా ఉన్న నటాషా కాంపుష్ ఈ ముద్రను ఒప్పుకోలేదు. నీళ్ళిచ్చేదీ వాడే, కొట్టేదీ వాడే అయిన చోట, నీళ్ళిచ్చిన చెయ్యి గుర్తుండటంలో వింత లేదు. వాదించకుండా వినండి.

శరీరం సంగతి చాలామంది వదిలేస్తారు. మీ తమ్ముడి చిరాకు, మతిమరుపు, తలనొప్పి మొత్తం మనసువే కాకపోవచ్చు. తలమీద దెబ్బలు తగిలాయా అని డాక్టరు చేత అడిగించండి, తగిలి ఉంటే న్యూరాలజిస్టుకు చూపించాలి. చేతులు గట్టిగా కట్టేసి ఉంచితే మణికట్టు దగ్గర నరం నలిగి, బొటనవేలి వెనక తిమ్మిరి నెలల తరబడి ఉండొచ్చు. ఎండ పొడ లేని గదిలో ఉన్నవాళ్ళకు విటమిన్ డి పడిపోయి ఎముకలు, కండరాలు నొప్పెడతాయి, రక్తపరీక్షలో తెలుస్తుంది. పళ్ళు కూడా చూపించండి. ఇప్పుడే విడుదలైనవాళ్ళ కోసం ఇది చదువుతున్నవారికి రెండు హెచ్చరికలు. ఐదు రోజులకు మించి దాదాపు తిండి లేనివాడికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టకూడదు. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. మొదటి రెండు రోజులు అవసరమైన దాంట్లో సగానికి మించకుండా, థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చి, ఆసుపత్రి పర్యవేక్షణలో మొదలుపెడతారు. బాగా చిక్కిపోయిన మనిషికైతే ఇంకా తక్కువతో. రెండోది లైంగిక దాడి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలై 28 రోజులు సాగాలి, గర్భనిరోధకానికి ఐదు రోజుల గడువు ఉంది. మగవాళ్ళమీద కూడా ఇది జరుగుతుంది, వాళ్ళు చెప్పరు. ఆ మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు డాక్టరు అడగాలి తప్ప కుటుంబం ముందు కాదు.

చికిత్సలో ముందు వరసలో ఉన్నవి రెండు: ట్రామా (మనసుకు తగిలిన గాయం) మీద దృష్టి పెట్టే సీబీటీ, అంటే ఆలోచనలనూ నడవడికనూ మార్చే మాటల చికిత్స; ఈఎమ్‌డీఆర్, అంటే కళ్ళను అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని నెమ్మదింపజేసే చికిత్స. మామూలుగా 8 నుంచి 12 సెషన్లు, దీర్ఘకాలం చెరలో ఉన్నవాళ్ళకు అంతకంటే ఎక్కువ పడతాయి. మొదటి కొన్ని సెషన్లలో నిద్ర, భద్రత, కోపం వచ్చినప్పుడు ఏం చేయాలన్నవి చూసి, ఆ తర్వాతే జ్ఞాపకం జోలికి వెళ్ళే థెరపిస్టును ఎంచుకోండి. మొదటి రోజే మొత్తం కథ అడిగేవారి దగ్గరికి రెండోసారి వెళ్ళకండి. జ్ఞాపకాన్ని విప్పడం మొదలైన వారంలో పీడకలలు పెరగడం మామూలే. సరిగ్గా అప్పుడే చాలామంది మానేస్తారు. ఇంట్లో కూడా "ఇంకా చెడగొడుతున్నారు" అంటారు. రాబోయే ఆ వారం గురించి అందరికీ ముందే చెప్పి ఉంచండి. మందుల్లో సెర్ట్రలిన్, వెన్లాఫాక్సిన్ లాంటివి వాడతారు. నాలుగు నుంచి ఆరు వారాలకు గానీ వాటి పనితనం తెలియదు, ఒక్కసారిగా ఆపకూడదు. డయాజెపామ్, అల్ప్రాజోలమ్ లాంటి నిద్రమాత్రల రకం నెలల తరబడి వద్దు. అలవాటు పడతారు, పైగా భయం పోయే పాఠాన్ని మెదడు నేర్చుకోకుండా అవి అడ్డుపడవచ్చు. మద్యం కూడా ఇదే కోవ. అతను నిద్ర కోసం తాగుతున్నాడేమో గమనించండి.

మీ మరదలి గొడవ మనస్తత్వాల గొడవ కాకపోవచ్చు. 11 వారాలు ఆమె ఇంటి లెక్కలు, పిల్ల బడి, అప్పులు అన్నీ ఒక్కతే చూసుకుంది. అతను తిరిగొచ్చి తన పాత చోటు వెతుక్కుంటే అక్కడ ఆమె ఉంది. ఆ చోటు ఖాళీ చేయమని ఆమెనూ అడగలేం. ఏ పని ఎవరిది అన్నది వారానికొకసారి కూర్చుని తేల్చుకోవాలి. ముందు అతనికి ఒక్క పని పూర్తిగా అప్పగించండి, దాంట్లో తప్పు చేసినా సరిదిద్దవద్దు. శారీరక సంబంధం విషయంలో తొందర ఇద్దరికీ చేటు.

ఏడేళ్ళ పిల్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1976లో కాలిఫోర్నియాలోని చౌచిల్లాలో 26 మంది బడిపిల్లలను బస్సు ఆపి, డ్రైవరుతో సహా ఎత్తుకెళ్ళి, నేలలో పాతిపెట్టిన వ్యాను పెట్టెలో దాచారు. దాదాపు 16 గంటల తర్వాత వాళ్ళు డ్రైవరుతో కలిసి బయటపడ్డారు. ఎవరూ చనిపోలేదు. సైకియాట్రిస్టు లెనోర్ టెర్ నాలుగైదేళ్ళ తర్వాత మళ్ళీ చూసినప్పుడు, పరిశీలించిన ప్రతి పిల్లలోనూ దాని గుర్తులు ఉన్నాయి. చీకటికీ వాహనాలకూ భయం, ఎక్కువ కాలం బతకమన్న నమ్మకం, ముందే శకునాలు కనిపించినా తాము పట్టించుకోలేదన్న అపరాధ భావం. మధ్యలో ఇచ్చిన కొద్దిపాటి చికిత్స వాటిని ఆపలేకపోయింది. పిల్లలు త్వరగా మరచిపోతారన్న మాటను ఈ విషయంలో నమ్మకండి. మీ పిల్ల బందీ కాలేదు నిజమే, కానీ 11 వారాలు పెద్దవాళ్ళ ముఖాలు చూస్తూ గడిపింది. ఆమెకు అబద్ధం చెప్పి ఉంటే, "నాన్న ఊరెళ్ళాడు" అని, ఇప్పుడు సరిదిద్దండి: "కొందరు చెడ్డవాళ్ళు నాన్నను పట్టుకుని పంపలేదు, ఇప్పుడు నాన్న ఇంట్లో ఉన్నాడు, నువ్వేం తప్పు చేయలేదు." ఆ చివరి మాట తప్పక చెప్పాలి. వెళ్ళి నాన్నను ముద్దుపెట్టుకో అని తోయకండి. రోజూ ఒకే సమయంలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని బొమ్మలు వేసుకునే పని ఏదైనా పెట్టండి, పావుగంట చాలు. తిరిగి పక్క తడపడం, ఒకే ఆటను నవ్వు లేకుండా మళ్ళీ మళ్ళీ ఆడటం నెల దాటి ఉంటే పిల్లల సైకాలజిస్టుకు చూపించండి.

మీ ఇంటి సంగతి కాదు గానీ, తల్లిదండ్రుల్లో ఒకరే బిడ్డను ఎత్తుకెళ్ళిన ఇళ్ళలో కథ వేరుగా ఉంటుంది. బిడ్డ తిరిగొచ్చాక ఎత్తుకెళ్ళినవారి కోసమే ఏడవవచ్చు. నిన్ను వద్దనుకున్నారని మిగిలినవారి గురించి నూరిపోసి ఉంటారు. ఆ ఏడుపును తప్పుపడితే బిడ్డ రెండోసారి దూరమవుతుంది.

డబ్బు విషయం నేరుగా మాట్లాడుకోవాల్సిందే. విడిపించడానికి ఎవరు ఎంత ఇచ్చారు, ఏం అమ్మారు అన్నది అతనికి తెలియకుండా దాస్తే బయటివాళ్ళ నోట వింటాడు. తన ప్రాణం ధర అందరూ మోస్తున్నారన్న భావం ఆత్మహత్య ఆలోచనల వరకు తీసుకెళ్ళగలదు. అంకెలు ఒక్కసారి చెప్పి, తీర్చే ఏర్పాటు కూడా చెప్పి, ఆపైన సాధింపుల్లో ఆ మాట ఎత్తకండి. కిడ్నాపులతో నలిగిన కొలంబియాలో 2005లో 986వ నంబరు చట్టం తెచ్చింది కూడా ఇందుకే. బందీ జీతం కుటుంబానికి అందడం, అప్పుల గడువులు ఆగడం అందులో ఉన్నాయి. అలాంటి చట్టం లేనిచోట బ్యాంకుకు, యజమానికి విడివిడిగా రాసి గడువు అడగాలి. పోలీసు రిపోర్టు నకలు జత చేయండి. ఉద్యోగానికి తిరిగి వెళ్ళేటప్పుడు పూట పనితో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో పూర్తి పనికి వెళ్ళేలా అడగండి.

కేసు నడుస్తుంటే వాంగ్మూలంలో రోజుల వరస తప్పడం సహజం. చీకటి గదిలో కాలం లెక్క నిలవదు. దాన్ని అబద్ధంగా చూడకుండా ఉండేందుకు సైకియాట్రిస్టు చేత రాతపూర్వకంగా ఒక అభిప్రాయం తీసుకుని లాయరు దగ్గర ఉంచండి. సాక్ష్యం చెప్పే రోజుకు ముందు వారం, తర్వాత వారం థెరపీ సెషన్లు పెట్టుకోవాలి.

ఇక మీ సంగతి. బేరమాడినవాడు ఆ వారాలన్నీ ఫోన్ పట్టుకునే బతికాడు. అవతల తమ్ముడి కేక విని కూడా గొంతు మార్చకుండా అంకె తగ్గించి చెప్పాల్సి వచ్చింది. తగ్గించి చెప్పడం అవసరం. అడిగినంత వెంటనే ఒప్పుకుంటే ధర పెరిగి చెర పొడుగవుతుందని ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. కానీ "ఇంకో వారం ముందు తేవచ్చేమో" అన్న లెక్క మీలో తిరుగుతూ ఉంటుంది, బహుశా తమ్ముడిలోనూ. అది అతను అడిగిన రోజున సమర్థించుకోకుండా ఉన్నదున్నట్టు చెప్పండి. ఇప్పుడే చేయగల పనులు కొన్ని ఉన్నాయి. ఫోన్ రింగ్‌టోన్ మార్చండి, ఆ నంబరు వాడుకలో ఉంటే దాన్నీ మార్చండి. కాల్ రికార్డింగులు లాయరుకు అప్పగించి మీ ఫోన్లోంచి తీసేయండి. తమ్ముణ్ణి చూసే డాక్టరు కాకుండా వేరొకరితో మీరు విడిగా అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఇద్దరి రహస్యాలు ఒకరి దగ్గరుంటే ఇద్దరూ నోరు విప్పరు. బందీల కుటుంబాలకు సాయం చేసే హోస్టేజ్ ఇంటర్నేషనల్ లాంటి సంస్థలూ ఉన్నాయి.

తను లేకపోతే అందరికీ మేలన్న మాట అతను అన్నా, వస్తువులు పంచిపెట్టడం మొదలుపెట్టినా, తాగుడు ఎక్కువైనా, ఉన్నచోటు గుర్తులేనట్టు గంటల తరబడి శూన్యంలోకి చూస్తున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. అదే రోజు అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి, ఒంటరిగా వదలకండి. మాత్రలు, తాళ్ళు, ఆయుధాలు అందకుండా చూడండి. ఆ మాట అతను అన్నాడా లేదా అని సందేహమైతే నేరుగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.

ఎత్తుకెళ్ళిన తేదీ ఇంకొన్ని నెలల్లో మళ్ళీ వస్తుంది. దానికి కొన్నాళ్ళ ముందు నుంచే నిద్ర చెడొచ్చు, అతనికి కారణం తెలియకపోవచ్చు. ఆ రోజు ఎక్కడ, ఎవరితో ఉండాలో నెల ముందే అతన్నే అడిగి రాసుకోండి. విడుదలైన తేదీకి మాత్రం పండగ చేయవద్దు, అతను అడిగితే తప్ప.